కొననివారికి మజ్జిగ అమ్మరాదు

నాగులేటి సహకార పాల సమాఖ్య మేనేజింగ్ డైరెక్టరు చక్రధరరావు గారు ఎండలు మొదలవుతుండగా ఒక చల్లని కొండ ఊరికి శిక్షణకు వెళ్లి, ఎండలు ముదిరాక తిరిగి వచ్చారు. వెళ్లేనాటికి ఆయనకు తెలిసిన లెక్కలన్నీ పాలలో నీళ్లెన్ని కలిశాయో చెప్పే కాగితం కింద సంతకం పెట్టడానికి సరిపోయేవి. వచ్చేనాటికి మాత్రం బహుచర విశ్లేషణ అనే సంఖ్యాశాస్త్రం నేర్చుకుని వచ్చారు. ఆ ముఖంలో వెలుగు చూసి, స్టేషనుకు కారు తీసుకెళ్లిన డ్రైవరు, అయ్యగారికి బదిలీ అయిందనుకుని సంతోషించాడు పాపం.

మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు.

"ఒక విషయాన్ని విడిగా చూడటం పామరుల లక్షణం," అన్నారు చక్రధరరావు గారు. "రెండు విషయాలను కలిపి చూడటం ప్రాథమిక దశ. పదిహేడు విషయాలను ఏకకాలంలో చూడగలగడమే ఆధునిక యాజమాన్య దృష్టి. నేటి నుండి మన సమాఖ్య వినియోగదారుణ్ణి పదిహేడు వైపుల నుంచి చూస్తుంది."

వెనక వరుసలో కోటిలింగం బుద్ధిగా తలాడించాడు. ఆయన మార్కెటింగు విభాగంలో అసిస్టెంటు మేనేజరు. ఆ కుర్చీలోకి వచ్చేటప్పటికి నల్లగా ఉన్న జుట్టు ఆ కుర్చీలోనే తెల్లబడింది. సర్వీసు మొత్తంలో ఆయన చేసిన మంచి పని ఒక్కటే: మసాలా మజ్జిగ. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి కలిపి, చివర్లో దబ్బాకు నలిపి వేసే ఆ మజ్జిగ వాళ్లమ్మది. మిరప కోతల రోజుల్లో ఆవిడ కుండతో పొలానికి తీసుకెళ్లి కూలీలకు పోసేది. ఆవిడ పోయిన ఏడాది కోటిలింగం ఎంతోమంది కాళ్లావేళ్లా పడి ఆ మజ్జిగను సమాఖ్య పాకెట్లలోకి ఎక్కించాడు. అది ఎంత బాగా కుదిరిందంటే, సమాఖ్య తయారుచేసే వస్తువుల్లో జనం తిట్టకుండా కొనేది అదొక్కటే.

చక్రధరరావు గారి చూపు సరిగ్గా దాని మీదే పడింది.

"మన మజ్జిగ బాగా అమ్ముడవుతోంది. ఎందుకు?"

కోటిలింగం లేచి, "బాగుంటుందని సార్," అన్నాడు.

"ఆధారం?"

కోటిలింగం మెల్లగా కూర్చున్నాడు.

"కారణం తెలియని అమ్మకం సంస్థకు పొంచి ఉన్న ముప్పు," అన్నారు ఎం.డి. గారు. "రేపు అమ్మకం ఆగిపోతే కారణం తెలియకుండానే ఆగిపోతుంది. అప్పుడు పై అధికారులకు నేనేం జవాబు చెప్పాలి? కనుక రోహిణి కార్తె ముగిసేలోగా మజ్జిగ కొనేవాడెవడో, కొననివాడెవడో శాస్త్రీయంగా తేల్చాలి. తేలకపోతే పాలకవర్గ సమావేశంలో మజ్జిగను నిలిపివేసి, ఆ యంత్రం మీద డబ్బా బాదంపాలు తయారు చేస్తాం."

కోటిలింగం అమ్మ ఫొటోకు ఏటా దండ వేస్తాడు గానీ, అమ్మ బతికున్నది ఆ పాకెట్లోనేనని ఆయన నమ్మకం. ఎలాగైనా ఈ గండం గట్టెక్కించాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు. పదిహేడు వైపుల నుంచి చూడమంటే చూద్దాం, నూట డెబ్భై వైపుల నుంచైనా చూద్దాం, మజ్జిగ బతికితే చాలు.

శాస్త్రాన్ని నడిపించడానికి రాజధాని నుంచి డాక్టర్ ప్రద్యుమ్న అనే సలహాదారు వచ్చాడు. ఏసీ కారు దిగి ఏసీ గదిలోకి వెళ్లేవాడు, గది దిగి కారెక్కేవాడు. సొంత నీళ్ల సీసా చంకలో ఉండేది. మొదటి రోజు కోటిలింగం ఒక మజ్జిగ పాకెట్టు కత్తిరించి గ్లాసులో పోసి మర్యాదగా అందించాడు.

"వద్దండీ," అన్నాడు డాక్టరు, చేతులు వెనక్కి తీసుకుని. "రుచి చూస్తే నా నిష్పాక్షికత దెబ్బతింటుంది."

ఆయన తయారుచేసిన ప్రశ్నావళిలో ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఏడు దాకా మార్కు వేసి జవాబు చెప్పాలి. సూర్యాస్తమయం చూసినప్పుడు మీకు కలిగే తృప్తి ఎంత? బస్సులో కిటికీ పక్క సీటు మీద మీకున్న మమకారం ఎంత? మీ బావమరుదుల మీద గౌరవం ఎంత? కాళ్లకు వేసుకున్నదేమిటో మాత్రం అడగనక్కర్లేదు, వంగి చూసి రాసుకోవాలి. తోలు బూట్లా, రబ్బరు చెప్పులా, వట్టి కాళ్లా అని.

కోటిలింగం ప్రశ్నావళి రెండుసార్లు చదివి, తల గోక్కుని, "డాక్టరుగారూ, ఒక్క చిన్న ప్రశ్న కలుపుదామండీ. 'ఇప్పుడు మీకు దాహంగా ఉందా?' అని," అన్నాడు.

డాక్టరు ఉదారుడు. "అలాగే కలపండి. సంఖ్యాశాస్త్రం ఏ ప్రశ్ననూ ముందే చిన్నచూపు చూడదు," అన్నాడు.

సర్వే బస్టాండులో, మస్తానమ్మ నడిపే సమాఖ్య పాల బూతు ముందు జరిగింది. పల్నాటి ఎండ గురించి ఊళ్లోవాళ్లకు చెప్పాల్సిన పనిలేదు, పైఊరివాళ్లకు చెప్పినా నమ్మరు. తారు రోడ్డుకు చెప్పులు అంటుకుపోతున్నాయి. మిరప యార్డులో సరుకు దింపి వచ్చిన ఒక పెద్దాయన, తలగుడ్డతో ముఖం తుడుచుకుంటూ నిలబడ్డాడు. సూర్యాస్తమయానికి ఏదో ఒక అంకె చెప్పాడు, బావమరుదులకు ఒకటి కన్నా తక్కువ లేదా అని అడిగాడు. దాహం ప్రశ్న దగ్గరకొచ్చేసరికి ఆయనకు తిక్క రేగింది.

"నెత్తి మీద నిప్పులు కురుస్తుంటే దాహంగా ఉందా అని అడగటానికి నీకు జీతమిస్తన్నారా?" అన్నాడు.

కోటిలింగం ఏడు అని రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చినవాడికీ ఏడే. ఆ పై వచ్చినవాడికీ ఏడే. కొన్నవాళ్లూ ఏడే అన్నారు, చిల్లర లేక కొనలేకపోయినవాళ్లూ ఏడే అన్నారు. కోటిలింగానికి పట్టరాని ఆనందమైంది. జవాబు దొరికింది! జనం మజ్జిగ ఎందుకు తాగుతున్నారో తేలిపోయింది!

వారం తర్వాత డాక్టరు ఎం.డి. గారినీ కోటిలింగాన్నీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి మొదట ఒక పటం చూపించాడు. జనం మనసులో ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే పటమట. మజ్జిగ అందులో ఒక మూలన 'మేనత్త'కు దగ్గరగా, 'భవిష్యత్తు'కు దూరంగా ఉంది. ఎం.డి. గారు దాన్ని చాలాసేపు చూసి, ఫ్రేము కట్టించమన్నారు.

"మరి దాహం ఎక్కడుందండీ?" అన్నాడు కోటిలింగం.

"తీసేశాం."

"తీసేశారా!"

"చూడండి కోటిలింగంగారూ," అన్నాడు డాక్టరు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "ప్రతి ఒక్కరూ ఏడు అన్నారు. అందరిలో ఒకేలా ఉన్నది ఒకడి నుంచి ఇంకొకణ్ణి వేరు చేయదు. వేరు చేయలేనిది మాకు పనికిరాదు. బూట్లు చూడండి, ఎంత చక్కగా వేరు చేస్తున్నాయో!"

"కానీ సార్, వాళ్లు తాగేది దాహమేసి కదండీ?"

"అది మీ అభిప్రాయం," అన్నారు చక్రధరరావు గారు, జాలిగా. "ఒక్క విషయాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. పదిహేడు వైపుల నుంచి చూడటం అలవాటు చేసుకోండి."

చివరికి విచక్షణ సూత్రం బయటికొచ్చింది. జవాబులన్నీ తలా ఒక బరువుతో గుణించి కూడితే మొత్తం వస్తుంది. అది గీతకు పైన ఉంటే మనిషి కొనేవాడు, కింద ఉంటే కొననివాడు. తోలు బూట్లు, కిటికీ మమకారం గీతకు పైకి లాగుతాయి. వట్టి కాళ్లు, సూర్యాస్తమయం కిందికి తోస్తాయి. బావమరుదులు అటూ ఇటూ కాకుండా ఉన్నారు గానీ, కుటుంబ విలువల దృష్ట్యా వాళ్లను ఉంచారు.

సూత్రాన్ని బస్టాండులో పరీక్షించారు. వందమందిలో అరవై ఒక్కమంది అది చెప్పినట్టు నడుచుకున్నారు. మిగిలినవాళ్లు నడుచుకోలేదు. కొనాల్సినవాళ్లు కొనకుండా బస్సెక్కారు, కొనకూడనివాళ్లు కొనుక్కుని గటగటా తాగారు.

చక్రధరరావు గారి మనసు కష్టపడింది. "లోపం ఎక్కడుంది డాక్టర్? సూత్రంలోనా?"

"సూత్రంలో లేదండీ. ప్రవర్తనలో ఉంది."

"అయితే ప్రవర్తనను సరిదిద్దుదాం," అన్నారు ఎం.డి. గారు. ఆ సాయంత్రమే అన్ని బూతులకూ సర్క్యులరు వెళ్లింది.

'ఇందుమూలముగా యావన్మంది బూతు ఏజెంట్లకు తెలియజేయడమేమనగా, కొననివారుగా శాస్త్రీయముగా నిర్ధారింపబడిన వ్యక్తులకు మజ్జిగ విక్రయించుట సూత్రమును అవమానించుటయే కాగలదు. కావున అట్టివారికి ఎట్టి పరిస్థితులలోను విక్రయించరాదు. కొనువారుగా నిర్ధారింపబడినవారు కొనకుండ వెడలిపోరాదు. ఇకపై ఏజెంట్లకు అమ్మకముపై కమీషను రద్దు చేసి, సరియైన నిర్ధారణపై ప్రోత్సాహకము చెల్లించబడును.'

మస్తానమ్మ మొదట ఒంటికాలి మీద లేచింది. "మజ్జిగ అమ్మొద్దనేదానికి మజ్జిగ కొట్టెందుకు పెట్టించారు? ఎనకటికి ఆ ఎం.డి. కుర్చీలో కూర్చున్నోళ్లకి లేని తెలివి ఈ సారుకెట్టా వచ్చింది?" అంది కోటిలింగాన్ని పట్టుకుని. సర్క్యులరు ఆఖరి వాక్యం చదివి వినిపించాక మాత్రం చప్పున చల్లారి, "క్యాలుక్యులేటరు ఆఫీసోళ్లే ఇస్తారా?" అని అడిగింది.

మర్నాడు కోటిలింగం తనిఖీకి వెళ్లేసరికి బూతు ముందు గందరగోళంగా ఉంది. తోలు బూట్లు వేసుకున్న ఇన్సూరెన్సు ఏజెంటొకడు బ్యాగు విడిపించుకోలేక గింజుకుంటున్నాడు. బ్యాగు రెండో చెవి మస్తానమ్మ చేతిలో ఉంది.

"నాకు జలుబమ్మా! మజ్జిగ పడదు!"

"నువ్వు కొంటావని లెక్కలో వచ్చింది నాయనా. కాదనటానికి నువ్వెవరు?"

చివరికి అతను కొని, తాగకుండా పక్కన పెట్టి, తుమ్ముకుంటూ వెళ్లాడు. మస్తానమ్మ రిజిస్టరులో టిక్కు పెట్టుకుంది. తర్వాత వరసలో ఉన్నది ఆ మిరప యార్డు పెద్దాయనే. పెదాలు ఎండి తెల్లగా పొక్కులు లేచాయి. మస్తానమ్మ వంగి కాళ్లు చూసి, నాలుగు ప్రశ్నలడిగి, మీటలు నొక్కింది.

"నువ్వు కొనవు పెద్దాయనా."

"డబ్బులిస్తన్నా గదమ్మా!"

"ఇస్తన్నావులే. కానీ కొనవు."

"కొంటన్నా! ఇదిగో!"

"నీకట్టా అనిపిస్తది. లెక్కలో రాలా. పక్కకు జరుగు, ఎనకోళ్లున్నారు."

పెద్దాయన చేతిలో నోటు చూసుకున్నాడు, అది చెల్లదేమోనన్నట్టు. తర్వాత బస్టాండు కుళాయి దగ్గరికెళ్లి దోసిలి పట్టాడు. వచ్చిన నీళ్ల వేడికి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కోటిలింగం అది చూశాడు. అమ్మ కుండ పట్టుకుని గట్ల మీద తిరిగింది ఇలాంటివాళ్ల కోసమేనని ఆయనకు గుర్తొచ్చింది.

ఆఫీసులో మాత్రం పండగ వాతావరణం ఉంది. సూత్రం ఖచ్చితత్వం అరవై ఒకటి నుంచి తొంభై దాటింది. అమ్మకం సగానికి పడిపోయిందని కోటిలింగం మనవి చేస్తే, "అంటే ఇంతకాలం సగం మజ్జిగను కొననివాళ్లకు అమ్మారన్నమాట!" అని చక్రధరరావు గారు కళ్లెర్రజేశారు. మిగిలిన మజ్జిగ పులిసి కాలవ పాలవుతోంది. కాలవ పక్క ఇళ్లవాళ్లు దబ్బాకు వాసన బాగుందన్నారు.

ఆ రాత్రి కోటిలింగానికి నిద్ర పట్టలేదు. తెల్లారేటప్పటికి ఒక ఉపాయం తట్టింది. కొననివాడికి అమ్మితేనే కదా తప్పు? ఊరికే పోస్తే వాడు కొన్నట్టు కాదు! సూత్రం చెప్పింది చెప్పినట్టు నిలబడుతుంది, పెద్దాయన గొంతూ తడుస్తుంది, రోహిణి కార్తె గడుస్తుంది, పాలకవర్గం సంతోషిస్తుంది, మజ్జిగ బతుకుతుంది. ఇన్నేళ్ల సర్వీసు ఊరికే పోలేదు. ఎం.డి. గారికి ఏ భాషలో చెబితే ఎక్కుతుందో ఆ భాషలోనే నోటు రాశాడు: 'కొననివారి కొనకపోవుటను సుస్థిరపరచు నిమిత్తము విక్రయేతర పంపిణీ.'

చక్రధరరావు గారు చదివి, తొలిసారి కోటిలింగాన్ని కూర్చోమన్నారు. "ఇప్పుడు మీరు పదిహేడు వైపుల నుంచి ఆలోచిస్తున్నారు," అని ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

జనం గురించి అధికారులకు తెలియకపోయినా, అధికారుల గురించి జనానికి తెలుసు. ఏం చెబితే గీత కిందికి పడతామో రెండు రోజుల్లో బస్టాండు మొత్తానికీ తెలిసిపోయింది. బూతు పక్కన చెప్పుల గుట్ట లేచింది, లోపల పెళ్లి భోజనాలు జరుగుతున్నాయా అన్నట్టు. ఆ గుట్టలో ఇన్సూరెన్సు ఏజెంటు తోలు బూట్లు కూడా ఉన్నాయి, మేజోళ్లు లోపల మడిచి పెట్టి. కాలుతున్న నేల మీద వట్టికాళ్లతో గెంతుతూ వరస కట్టినవాళ్లు, అడక్కముందే, సూర్యాస్తమయమంటే తమకు ప్రాణమని చెబుతున్నారు.

"నేను కొననమ్మా!" అన్నాడు పెద్దాయన గర్వంగా, గ్లాసు చాపి.

"నువ్వెప్పుడూ మాట తప్పవు పెద్దాయనా," అని మస్తానమ్మ నిండుగా పోసి టిక్కు పెట్టుకుంది. ఆమె ప్రోత్సాహకం వెనకటి కమీషనుకు మూడింతలైంది.

రోహిణి కార్తె చివరి వారంలో ఖచ్చితత్వం నూటికి నూరు ముట్టింది. ఒక్కరు కూడా కొనలేదు, కొంటారని సూత్రం ఒక్కరి గురించీ చెప్పలేదు. దేశంలో మరే సంస్థా సాధించని ఈ ఘనతకు ఎం.డి. గారికి అవార్డు ప్రకటించారు. ఆ ఊపు మీదే పాలకవర్గం సమావేశమైంది. ఉక్కగా ఉందని సభ్యులందరికీ మసాలా మజ్జిగ పోశారు. రెండోసారి అడిగి మరీ తాగారు.

డాక్టర్ ప్రద్యుమ్న తుది నివేదిక చదివాడు. "మజ్జిగ కొనేవాడెవడన్నది మనముందున్న ప్రశ్న. శాస్త్రం దానికి తిరుగులేని జవాబిచ్చింది. ఎవడూ కొనడు."

"కొనేవాడే లేని వస్తువును తయారుచేయడం సమంజసం కాదు," అన్నారు చక్రధరరావు గారు. "కావున వచ్చే ఒకటో తేదీ నుండి మజ్జిగను నిలిపివేసి బాదంపాలు ప్రారంభించాలని తీర్మానం ప్రవేశపెడుతున్నాను."

కోటిలింగం ఉన్నపళంగా లేచాడు. "సార్! తాగుతున్నారు కదండీ! ఊరంతా తాగుతోంది! తమరూ తాగుతున్నారు!"

చక్రధరరావు గారు మీసానికంటిన మజ్జిగ రుమాలుతో తుడుచుకున్నారు. "తాగడం మన పరిశోధన పరిధిలోకి రాదు కోటిలింగంగారూ. ఆ పంపిణీకి నోటు పెట్టింది మీరే కదా? మీ సేవలను మినిట్సులో ప్రత్యేకంగా ప్రస్తావించమన్నాను."

సభ్యులు బల్లలు చరిచారు. కోటిలింగం కూలబడ్డాడు. అమ్మ మజ్జిగను చంపింది ఎం.డి. కాదు, డాక్టరూ కాదు, తను రాసిన ఆ ఒక్క నోటు. ఇంత తెలివి తనకు ఎప్పుడూ లేదు, ఉన్న ఒక్కపూటా దీనికే పనికొచ్చింది. ఆయనకు ఏడుపొచ్చింది, సమావేశమని ఆపుకున్నాడు.

మజ్జిగకు ఆఖరి రోజు మధ్యాహ్నం కోటిలింగం బస్టాండుకు నడుచుకుంటూ వెళ్లాడు. ఎండ తగ్గలేదు. వరసలో నిలబడితే కాళ్ల కింద నేల సెగలు కక్కుతోంది, నాలుక అంగిటికి అంటుకుపోతోంది. ముందున్నవాళ్లందరూ ఊరికే తాగి వెళ్లారు. ఆయన వంతు వచ్చింది. మస్తానమ్మ అలవాటు కొద్దీ వంగి కాళ్లు చూసి, నవ్వి, రబ్బరు చెప్పులని రాసుకుని, అన్ని ప్రశ్నలూ అడిగింది. కోటిలింగం నిజమే చెప్పాడు. మొత్తం గీత కిందే పడింది.

"మీరూ కొననోళ్లే సారూ. తీసుకోండి, ఊరికేనే," అని గ్లాసు నింపబోయింది.

"ఊరికే వద్దు మస్తానమ్మా. పాకెట్టు ఇయ్యి. కొంటాను."

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "అట్టా అంటారేంది సారూ! నూటికి నూరు పోద్ది. నా డబ్బులు కోసేస్తారు. రేపేగా అవార్డు?"

"నీ డబ్బులు నేనిస్తాను. ఇంతకాలం నేనూ ఆఫీసులో ఊరికే తాగాను. ఒక్కసారి కూడా కొనలేదు."

ఆయన జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు. మస్తానమ్మ ఆయన ముఖం చూసి, లోపలికెళ్లి అడుగున ఉన్న చల్లటి పాకెట్టు ఏరి తెచ్చింది. కోటిలింగం అక్కడే, చెప్పుల గుట్ట పక్కన నిలబడి, మూల కొరికి, ఆఖరి చుక్క దాకా తాగాడు. దబ్బాకు వాసన వచ్చింది. అల్లం కాస్త ఎక్కువైంది, అమ్మకూ ఎప్పుడూ అలాగే ఎక్కువయ్యేది. కళ్ల నీళ్లు తిరిగితే, మిర్చి ఘాటని మస్తానమ్మతో అబద్ధమాడాడు.

మర్నాడు అవార్డు వేదిక మీద ఖచ్చితత్వం నూరు అని చదవాల్సిన చోట తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది అని చదవాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే కోటిలింగానికి మెమో అందింది.

'కొననివారుగా నిర్ధారింపబడియుండియు, సమాఖ్య అధికారియై యుండియు, తాము ఒక మజ్జిగ పాకెట్టును సొంత సొమ్ముతో కొనుగోలు చేసి సూత్రమునకు భంగము కలిగించినారు. ఇందుకు గల కారణమును తక్షణమే లిఖితపూర్వకముగా తెలుపవలెను.'

కోటిలింగం చాలాసేపు ఆలోచించలేదు. మెమో కిందనే ఒక్క ముక్క రాసి పంపించాడు.

'దాహం వేసింది.'

ఫైలు ఎం.డి. గారి దగ్గరికి, అక్కణ్ణించి అభిప్రాయం కోసం డాక్టరు దగ్గరికి, మళ్లీ ఎం.డి. గారి దగ్గరికి తిరిగి, నెలాఖరుకు కోటిలింగం బల్ల మీదికి వచ్చింది. అప్పటికి యంత్రం మీద బాదంపాలు మొదలయ్యాయి. ఇంక్రిమెంటు నిలిపివేత ఉత్తర్వు పైన, ఆకుపచ్చ సిరాతో ఇలా రాసి ఉంది:

'వివరణ పరిశీలించడమైనది. దాహము అందరికీ ఉండునదే గనుక, దానిని కారణముగా పరిగణింప వీలులేదు.'